ఐరిస్ దుంప తొలిచే పురుగుపై మిత్ర నులిపురుగుల ప్యాకెట్లు: ఒక సమీక్ష

దుంప నుంచి పెరిగే పూలమొక్క ఐరిస్‌ను పెంచేవారికి ఇప్పుడు రెండు రకాల మిత్ర నులిపురుగుల (చీడపురుగులను చంపే అతి చిన్న జీవుల) ప్యాకెట్లు అందుబాటులో ఉన్నాయి. ఒక రకంలో స్టైనెర్నీమా కార్పోకాప్సే, రెండో రకంలో హెటెరోరాబ్డైటిస్ బాక్టీరియోఫోరా అనే జాతి ప్రాణంతో ఉంటుంది. కొందరు తయారీదారులు రెండింటినీ కలిపి కూడా ఇస్తారు. ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ సరుకు గురించీ కాదు, ఐరిస్ మడిలో ఈ తరహా సరుకు ఎంతవరకు ఉపయోగపడుతుందన్న దాని గురించి. నా అభిప్రాయం ముందే చెబుతాను. దుంపలోకి చేరిపోయిన పురుగును మొక్క తవ్వకుండా చంపడానికి ఇంటి తోటలో వాడదగిన వాటిలో ఇంతకన్నా మేలైనది నాకు కనిపించలేదు. అయితే దీని ఫలితం ప్యాకెట్ నాణ్యత మీద ఎంత ఆధారపడుతుందో, మనం దాన్ని వేసే వారం మీద, ఆ వారంలో నేలకుండే తడి మీద అంతకన్నా ఎక్కువ ఆధారపడుతుంది. ప్యాకెట్ మీద అచ్చువేసే మిగతా వాగ్దానాలు చాలామటుకు ఐరిస్ మడికి వర్తించవు.

ఈ సరుకు విలువ తెలియాలంటే ముందు శత్రువు జీవితం తెలియాలి. ఐరిస్ దుంప తొలిచే పురుగు శాస్త్రీయ నామం మాక్రోనాక్టువా ఒనుస్టా. ఇది ఉత్తర అమెరికాకు చెందినది, ముఖ్యంగా ఆ ఖండపు తూర్పు సగంలో ఐరిస్‌కు అతిపెద్ద శత్రువు. ఏడాదికి ఒక్క తరమే ఉంటుంది. ఆకురాలు కాలంలో రాత్రిపూట తిరిగే గోధుమవన్నె రెక్కల పురుగులు ఎండిన ఐరిస్ ఆకుల మీద, మొక్క మొదట్లో పేరుకున్న చెత్త మీద గుడ్లు పెడతాయి. చలికాలమంతా ఆ గుడ్లు అక్కడే ఉంటాయి. వసంతంలో, ఏప్రిల్, మే నెలల్లో, కొత్త ఆకులు జానెడు ఎత్తు వచ్చేసరికి గుడ్లు పగిలి, దారప్పోగంత సన్నని పిల్లపురుగులు ఆకు మీదికి పాకి, సూదిమొనంత రంధ్రం చేసుకుని లోపలికి దూరతాయి. అక్కడి నుంచి ఆకు రెండు పొరల మధ్యగా తింటూ కిందికి దిగుతాయి. ఈ దశలో ఆకు మీద నీరు పట్టినట్టుండే చారలు, అంచుల్లో కొరికిన గాట్లు, కొన్నిసార్లు బంకలా కారే ద్రవం కనిపిస్తాయి. పూత ముగిసే నాటికి పురుగు ఆకు మొదలు దాటి దుంపలోకి చేరుతుంది. అక్కడ వేసవి నడిమి దాకా తిని, గోధుమవన్నె తలతో, లేత గులాబి ఛాయ ఉన్న తెల్లని ఒంటితో నాలుగైదు సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది. ఆ తర్వాత దుంపను వదిలి పక్కనున్న మట్టిలో ప్యూపాగా (రెక్కలు రావడానికి ముందు కదలకుండా ఉండే దశగా) మారి, ఆకురాలు కాలం మొదలయ్యేసరికి మళ్లీ రెక్కల పురుగై బయటికి వస్తుంది.

పురుగు తినేదానికన్నా దాని వెనక వచ్చే కుళ్లే మొక్కకు ఎక్కువ చేటు చేస్తుంది. దుంపలో పురుగు చేసిన సొరంగం గుండా మెత్తకుళ్లు కలిగించే బాక్టీరియా ప్రవేశిస్తుంది. దాని నేటి పేరు పెక్టోబాక్టీరియం కరోటోవోరం, పాత పుస్తకాల్లో ఎర్వీనియా అని ఉంటుంది. పైన ఆకు ఇంకా పచ్చగానే ఉండగా కింద దుంప గుజ్జుగా మారి దుర్వాసన వేస్తుంది. ఆకుల గుత్తిని పట్టుకుని మెల్లగా లాగితే మొదలంటా ఊడి చేతికి వచ్చేస్తుంది. చాలామంది ఈ స్థితిని చూసి నీరు ఎక్కువైందని, దుంపకుళ్లు తెగులని అనుకుని శిలీంధ్రనాశక మందులు పోస్తారు. ఆ మందుల్లో చాలామటుకు బాక్టీరియా మీద పనిచేయవు, పురుగు మీద అసలే పనిచేయవు. కుళ్లిన దుంపను చీల్చి చూస్తే సొరంగం, రంపపు పొట్టు వంటి విసర్జన, చాలాసార్లు ఒకే ఒక్క పెద్ద పురుగు కనిపిస్తాయి. ఒక్కటే కనిపించడానికి కారణం, ఎదిగిన కొద్దీ ఈ పురుగులు తమ జాతివాటినే తినేయడం.

ఇటువంటి శత్రువుకు మామూలు పురుగుమందు ఎందుకు కుదరదో ఈ జీవిత చక్రమే చెబుతుంది. ఆకు పైన పిచికారీ చేసే ఏ మందుకైనా దొరికే అదను చాలా చిన్నది. గుడ్డు పగిలిన తర్వాత, పిల్లపురుగు ఆకులోకి దూరేలోపు మందు ఆకు మీద ఉండాలి. గుడ్లన్నీ ఒకే రోజున పగలవు. గొంగళిపురుగుల మీద బాగా పనిచేసే బీటీ (ఒక రకం బాక్టీరియాతో తయారయ్యే) మందును పురుగు తింటేనే పని జరుగుతుంది, ఆకు పొరల మధ్య దాక్కుని తినే పురుగు పైపూతను దాదాపు ముట్టుకోదు. స్పైనోసాడ్ అనే పురుగుమందు సరైన అదనులో ఉపయోగపడుతుంది గాని, తడి ఆరేదాకా తేనెటీగలకు ప్రమాదకరం. మొక్కంతటా వ్యాపించే అంతర్వాహిక మందులు పురుగును ఆకు లోపలే చేరగలవు, నిజమే. కానీ ఐరిస్ పూలకు తుమ్మెదలు, తేనెటీగలు వస్తాయి, వాటి మకరందంలోకి, పుప్పొడిలోకి ఆ మందు చేరే అవకాశం ఉన్నప్పుడు అలంకారం కోసం పెంచే మొక్క మీద అంతటి విషం వాడడాన్ని నేను సమర్థించలేను. పైగా పురుగు దుంపలోకి చేరాక పైనుంచి కొట్టిన ఏ మందూ దాన్ని సరిగ్గా అందుకోదు. నులిపురుగుల ప్యాకెట్ అక్కరకు వచ్చేది ఇక్కడే.

నులిపురుగు అనగానే వేళ్ల మీద బుడిపెలు కట్టే తెగులు గుర్తుకొచ్చి చాలామంది వెనకాడతారు. మొక్కల వేళ్లను పీల్చే నులిపురుగులు వేరు, ఇవి వేరు. ప్యాకెట్‌లో ఉన్నవి కీటకాలను మాత్రమే ఆశ్రయించి బతికే జాతులు. మొక్కను ముట్టవు, మనుషులకు, పెంపుడు జంతువులకు, పక్షులకు, వానపాములకు హాని చేయవు. అర మిల్లీమీటరు పొడవున్న మూడో దశ పిల్లలను మాత్రమే ప్యాకెట్‌లో నింపుతారు. ఈ దశలో అవి ఏమీ తినవు. ఒంట్లో దాచుకున్న కొవ్వు మీద బతుకుతూ, పురుగు వదిలే బొగ్గుపులుసు వాయువును, దాని విసర్జన వాసనను పసిగట్టి వెతుక్కుంటూ పోతాయి. పురుగు నోటి గుండానో, మలద్వారం గుండానో, పక్కల ఉండే శ్వాసరంధ్రాల గుండానో లోపలికి దూరి, తమ పేగులో మోసుకొచ్చిన బాక్టీరియాను దాని రక్తంలోకి వదులుతాయి. స్టైనెర్నీమా మోసేది జెనోరాబ్డస్ అనే బాక్టీరియాను, హెటెరోరాబ్డైటిస్ మోసేది ఫోటోరాబ్డస్‌ను. ఒకటి రెండు రోజుల్లో పురుగు చస్తుంది. ఆ శవంలోనే నులిపురుగులు పెరిగి, రెండు మూడు తరాలు పునరుత్పత్తి చేసి, మేత అయిపోయాక వేల సంఖ్యలో మట్టిలోకి వస్తాయి.

ఐరిస్ దుంప వీటికి అనుకూలమైన వేటస్థలం కావడమే ఈ సరుకు విజయానికి మూలం. నులిపురుగులకు ఎండ, పొడి గాలి ప్రాణాంతకం. సూర్యకాంతి నేరుగా తగిలితే కొద్ది నిమిషాల్లోనే చస్తాయి. దుంప తొలిచే పురుగు చేసిన సొరంగం చీకటిగా, తడిగా, దాని విసర్జనతో నిండి ఉంటుంది. సొరంగం నోటిని కనుక్కున్న నులిపురుగుకు ఇక అడ్డంకి లేదు, పురుగుకు పారిపోయే దారి లేదు. మందు అందుకోలేని దాపరికమే ఇక్కడ పురుగుకు ఉచ్చుగా మారుతుంది.

రెండు జాతుల్లో ఏది కొనాలన్న ప్రశ్న తరచూ వస్తుంది. స్టైనెర్నీమా కార్పోకాప్సే పొంచి ఉండే రకం. 1955లో యాపిల్ కాయ తొలిచే పురుగులో దొరికిన నులిపురుగుగా దీన్ని మొదట వర్ణించారు. ఇది నేల పై పొరల్లోనే ఉంటూ, తోక మీద నిలబడి, దగ్గరగా వచ్చిన పురుగుకు అంటుకుంటుంది. హెటెరోరాబ్డైటిస్ బాక్టీరియోఫోరా 1976లో వర్ణనకు వచ్చింది; ఇది నేలలో తిరుగుతూ, లోతుకు దిగుతూ, కదలకుండా ఒకచోట ఉన్న పురుగును వెతికే రకం. దీని తల మీద చిన్న పన్ను వంటిది ఉండడం వల్ల పురుగు చర్మం పలుచగా ఉన్నచోట నేరుగా చీల్చుకుని కూడా పోగలదు. పైగా ఇందులో మొదటి తరం ద్విలింగ జీవులు కనుక ఒక్కటి లోపలికి పోయినా సంతతి మొదలవుతుంది. దుంపలో స్థిరంగా కూర్చుని తినే పురుగుకు వేటగాడుగా హెటెరోరాబ్డైటిస్‌దే పైచేయి అని నా నిర్ణయం. అయితే గడ్డాల ఐరిస్ (పూరేకు మీద గడ్డం వంటి నూగు ఉండే రకం) దుంప నేల ఉపరితలానికి ఆనుకునే ఉంటుంది కాబట్టి, పురుగు ఆకు మొదలు నుంచి దుంపలోకి దిగే రోజుల్లో కార్పోకాప్సే కూడా దారికాచినట్టే పనిచేస్తుంది. నేల ఇంకా చల్లగా ఉన్నచోట, ఇరవై డిగ్రీల సెల్సియస్ లోపు, హెటెరోరాబ్డైటిస్ మందగిస్తుంది. అటువంటప్పుడు కార్పోకాప్సేనే ఎంచుకోవాలి. రెండూ కలిపిన ప్యాకెట్ దొరికితే సందేహం లేకుండా అదే తీసుకోవచ్చు, కానీ రెండింటిలో ఏది ఎంత సంఖ్యలో ఉందో విడిగా రాయని ప్యాకెట్‌ను పక్కన పెట్టడం మంచిది.

ప్యాకెట్ల నాణ్యతలో తేడాలు ఎక్కువ, ఈ సరుకు మీద నా ప్రధానమైన ఫిర్యాదు కూడా అదే. ఇది ప్రాణంతో ఉన్న సరుకు. జెల్‌లోనో, బంకమట్టి పొడిలోనో, తడి వర్మిక్యులైట్‌లోనో (తేమను పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పొట్టు) కలిపి ఇస్తారు; ఫ్రిజ్‌లో, గడ్డకట్టని చల్లదనంలో ఉంచాలి, డీప్ ఫ్రీజర్‌లో పెడితే చస్తాయి. రవాణాలో ఎండలో నిలిచిన పెట్టెలోని నులిపురుగులు ప్యాకెట్ తెరవకముందే చచ్చిపోయి ఉంటాయి, బయటికి ఏ తేడా కనిపించదు. హెటెరోరాబ్డైటిస్ నిల్వకాలం కార్పోకాప్సే కన్నా తక్కువ, అందువల్ల ఆ ప్యాకెట్ మీద గడువు తేదీని మరింత శ్రద్ధగా చూడాలి. బయటి షెల్ఫులో, గది వేడిలో పెట్టి అమ్మే ప్యాకెట్‌ను ఎంత పేరున్న కంపెనీదైనా కొనకూడదు. మరొక సంగతి కూడా కొనుగోలుదారులు గమనించాలి: అమెరికాలో రసాయన పురుగుమందుకు ఉన్నట్టుగా నులిపురుగులకు పర్యావరణ పరిరక్షణ సంస్థ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. హాని లేని జీవులు గనుక ఆ మినహాయింపు సబబైనదే, కానీ ఈ ప్యాకెట్ మీద రాసే మాటలు పురుగుమందు లేబుల్ ఎదుర్కొనే పరీక్షను ఎదుర్కోలేదని దీని అర్థం. పరీక్షించుకునే బాధ్యత కొన్నవారి మీదే పడుతుంది.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. ప్యాకెట్‌లోని పదార్థాన్ని చిటికెడు తీసి, నల్లటి గిన్నెలోని గది ఉష్ణోగ్రతలో ఉన్న నీటిలో వేసి, కొంతసేపు ఆగి, వెలుతురులో మంచి భూతద్దంతో చూడాలి. బతికినవి మెలికలు తిరుగుతూ కదులుతాయి. చచ్చినవి సూదుల్లా నిటారుగా పడి ఉంటాయి. కార్పోకాప్సే విషయంలో మాత్రం తొందరపడి తీర్పు ఇవ్వకూడదు, ఎందుకంటే అది విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా దాదాపు నిటారుగానే ఉంటుంది. నీటిని మెల్లగా కదిపి, కొద్దిగా వెచ్చబడనిచ్చి మళ్లీ చూస్తే కదలిక తెలుస్తుంది. ఎక్కువ భాగం కదలనప్పుడు ఆ ప్యాకెట్‌ను మడిలో పోయడం వృథా, తిరిగి పంపించడమే న్యాయం. ఈ పరీక్ష గురించి ఒక్క వాక్యం కూడా లేని వాడకపు పత్రాలు నేను చూశాను, ఇంతటి సున్నితమైన సరుకును అమ్మేవారు కనీస సమాచారం ఇవ్వకపోవడం నాకు బాధ కలిగించింది.

మోతాదు లెక్క కూడా పత్రాల్లో గందరగోళంగానే ఉంటుంది. సాధారణంగా సిఫారసు చేసే మోతాదు చదరపు సెంటీమీటరుకు 25 నులిపురుగులు, అంటే చదరపు మీటరుకు రెండున్నర లక్షలు. ఈ లెక్కన 50 లక్షల ప్యాకెట్ 20 చదరపు మీటర్ల మడికి, కోటి ఉన్న ప్యాకెట్ 40 చదరపు మీటర్లకు వస్తుంది. ఒకే సంఖ్యలో నులిపురుగులున్న ప్యాకెట్‌ను ఒకరు ఇందుకు రెండింతల విస్తీర్ణానికి, మరొకరు పదింతలకు సరిపోతుందని రాస్తున్నప్పుడు ఈ లెక్క చేతిలో ఉంచుకోవడం అవసరం. ఐరిస్ మడిలో నులిపురుగులు నడకదారులకు, ఖాళీ నేలకు అక్కర్లేదు. దుంపల గుంపు, దాని చుట్టూ జానెడు మట్టి కొలుచుకుంటే చాలు, చిన్న ప్యాకెట్ అనుకున్నదానికన్నా ఎక్కువ మొక్కలకు వస్తుంది. మోతాదు తగ్గించి పెద్ద స్థలానికి సాగదీయడం వల్ల మాత్రం ఫలితం చెడుతుంది.

వేసే సమయం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆకులో పిల్లపురుగు ఉన్న తొలి వారాల్లో ఇవి వేస్తే ఉపయోగం అంతంతమాత్రం, ఎండకు ఆరిపోయే ఆకు మీద నులిపురుగు ఎక్కువసేపు బతకదు. పురుగు ఆకు మొదలు నుంచి దుంపలోకి దిగేటప్పుడు, అంటే గడ్డాల ఐరిస్ పూత ముగిసే రోజుల నుంచి వేసవి తొలి వారాల వరకు, ఉత్తర అమెరికా తూర్పు భాగాల్లో సుమారుగా మే చివర నుంచి జూన్ ఆఖరు దాకా, వేయడం సరైనది. ఆకు మీది చారలు కిందికి దిగి మట్టికి రెండు మూడు వేళ్ల ఎత్తులోకి వచ్చాయంటే అదను వచ్చినట్టే. క్యాలెండర్ తేదీకన్నా ఈ గుర్తును నమ్మడం మంచిది. రెండు వారాల ఎడంతో రెండోసారి వేయమని చాలా పత్రాలు చెబుతాయి, అది అమ్మకం పెంచుకోవడానికి చెప్పే మాట కాదు. పురుగులన్నీ ఒకేసారి దుంపకు చేరవు కాబట్టి వెనకబడినవాటికి రెండో విడత అవసరమవుతుంది. పురుగు దుంపను వదిలి ప్యూపాగా మారాక వేసిన ప్యాకెట్ మాత్రం ఆ ఏటి దుంపను కాపాడలేదు.

నులిపురుగులకు తడి కావాలి, గడ్డాల ఐరిస్‌కు ఆరిన నేల కావాలి. ఈ రెండింటి మధ్య ఉన్న వైరుధ్యాన్ని ఏ పత్రమూ ప్రస్తావించదు, కానీ ఐరిస్ పెంచేవారికి అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. గడ్డాల ఐరిస్ దుంప వీపును ఎండకు వదిలి, చుట్టూ మల్చింగ్ లేకుండా, నీరు నిలవని నేలలో పెంచాలని అనుభవజ్ఞులు చెబుతారు. మెత్తకుళ్లును దూరంగా ఉంచేది ఆ ఎండే. నులిపురుగులకేమో వేసిన తర్వాత కనీసం ఒక వారం పాటు నేల పై పొర తడిగా ఉండాలి. ప్యాకెట్ మీద ఉన్నట్టు రెండు వారాలు మడిని తడిపి ఉంచితే పురుగు చచ్చినా కుళ్లు మిగలవచ్చు. నాకు సరైనదిగా తోచిన పద్ధతి ఇది: వేసే ముందు రోజు సాయంత్రం దుంపల చుట్టూ మట్టిని లోతుగా తడపాలి, మర్నాడు ఎండ వాలిన తర్వాత నులిపురుగులు కలిపిన నీటిని పోసి, వెంటనే పలుచగా మరికొంత నీరు పోసి అవి ఆకుల మీదా దుంప వీపు మీదా నిలవకుండా మట్టిలోకి దింపాలి, ఆపైన వారం పాటు పొద్దువాలాక పై పొర ఆరకుండా చూసేంత తేలిక తడి మాత్రమే ఇవ్వాలి. మబ్బు పట్టిన, చినుకులు పడే రోజులు దొరికితే అంతకన్నా మంచి అదను లేదు. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న, నీరు ఇంకిపోయే నేలలో ఈ తడి దుంపకు చేటు చేయదు. బరువైన బంకమట్టిలో, అప్పటికే కుళ్లు మొదలైన మడిలో మాత్రం ఈ సరుకు వాడకాన్ని నేను సిఫారసు చేయను. అక్కడ దుంపలు తవ్వి చూసుకోవడమే మార్గం. సైబీరియన్, జపనీస్ ఐరిస్‌లు తేమను ఇష్టపడతాయి కనుక వాటి మడిలో ఈ చిక్కే లేదు, ప్యాకెట్ మీది సూచనల్ని ఉన్నదున్నట్టు పాటించవచ్చు. సైబీరియన్ రకాలకు గడ్డాల ఐరిస్‌కన్నా ఈ పురుగు బెడద తక్కువే అయినా, వాటి మొదళ్లు ఒత్తుగా అల్లుకుపోయి ఉండడం వల్ల తవ్వి వెతకడం కష్టం, కాబట్టి అవసరమైనప్పుడు అక్కడ ఈ ప్యాకెట్ విలువ పెరుగుతుంది.

పోసే పరికరం గురించి రెండు మాటలు చాలు. చిన్న మడికి రోజ్ క్యాన్ (నీటిని జల్లులా పోసే డబ్బా) అన్నిటికన్నా నయం. స్ప్రేయర్ వాడితే నాజిల్ వెనక ఉండే సన్నని జల్లెడలు తీసేయాలి, మధ్యమధ్యలో డబ్బాను కదుపుతూ ఉండాలి, లేకపోతే నులిపురుగులన్నీ అడుగుకు చేరి మడిలో ఒక మూల కోటి, మరో మూల శూన్యం అవుతాయి. కలిపిన నీటిని మర్నాటికి దాచకూడదు. గాలి అందక చస్తాయి. పురుగుమందు కొట్టిన స్ప్రేయర్‌ను శుభ్రంగా కడగకుండా వాడకూడదు, నులిపురుగులను చంపే మందులు వేసిన నేలలో ఇవి బతకవని వేరే చెప్పనక్కర్లేదు.

ఫలితం చూడాలనుకునేవారు ఆకును చూస్తే నిరాశపడతారు. చిరిగిన, చారలు పడిన ఆకు మళ్లీ బాగుపడదు, పైనుంచి చూస్తే మడి కొన్ని వారాల పాటు మునుపటిలాగే ఉంటుంది. వేసిన వారం పది రోజుల తర్వాత బాగా దెబ్బతిన్న ఒక దుంపను లేపి చీల్చి చూడాలి. హెటెరోరాబ్డైటిస్ చంపిన పురుగు ఇటుక ఎరుపుకు తిరిగి మెత్తబడి ఉంటుంది, దాని లోపలి బాక్టీరియా వల్ల కటిక చీకట్లో మసక వెలుగు కూడా ఇస్తుంది. కార్పోకాప్సే చంపినది లేత గోధుమ రంగులో ఉంటుంది. మామూలుగా కుళ్లిన పురుగుకు ఉండే దుర్వాసన వీటికి ఉండదు. సరైన అదనులో, బతికున్న ప్యాకెట్‌తో, తగిన తడిలో వేసిన మడుల్లో ఇలాంటి శవాలు, ఖాళీ సొరంగాలు కనిపించాయి, తాజా విసర్జన ఆగిపోయింది. ఈ మూడు షరతుల్లో ఒకటి తప్పినచోట లావెక్కిన పురుగు దుంపలో హాయిగా తింటూ కనిపించింది. ఈ సరుకు మీద నాకు గౌరవం ఏర్పడింది కూడా, హెచ్చరించాలనిపించింది కూడా ఈ తేడాను చూసిన తర్వాతే.

పురుగు చచ్చినంత మాత్రాన కుళ్లు తగ్గదు. కొనేవారు ముందే తెలుసుకోవలసిన పరిమితి ఇది. సొరంగంలో మెత్తకుళ్లు బాక్టీరియా ఒకసారి స్థిరపడ్డాక నులిపురుగులు దాన్ని ఏమీ చేయలేవు. గట్టిగా, తెల్లగా ఉన్న భాగం కనిపించేదాకా కుళ్లిన దుంపను కోసి తీసేయాలి, కోసిన కత్తిని ప్రతి కోతకూ బ్లీచింగ్ నీళ్లలోనో స్పిరిట్‌లోనో ముంచాలి, గాయాన్ని నీడలో ఆరబెట్టాకే తిరిగి నాటాలి. ఒక ప్యాకెట్ వేశాం కాబట్టి ఈ పని తప్పుతుందని ఎవరూ అనుకోకూడదు.

ఇక వాగ్దానాల సంగతి. తామర పురుగుల మీద కూడా పనిచేస్తుందని రాసి ఉంటుంది. తామర పురుగుల్లో చాలా జాతులు ప్యూపా దశకు మట్టిలోకి దిగుతాయి కాబట్టి ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ ఐరిస్‌ను పట్టే తామర పురుగులు కొత్త ఆకుల మడతల లోపల దాక్కుని గీరుతూ ఆకుకు తుప్పు రంగు, వెండి మచ్చలు తెస్తాయి, వాటికి మట్టిలో పోసిన ప్యాకెట్ పరిష్కారం కాదు. పేనుబంక మీద వీటి ప్రభావం లేదనే చెప్పాలి, దానికి బలంగా కొట్టిన నీటిధార, అవసరమైతే పురుగుల నివారణకు తయారైన సబ్బు ద్రావణం చాలు. పూమొగ్గల్లో, కాయల్లో విత్తనాలు తినే చిన్న పురుగులను మొగ్గ దశలోనే ఏరి, ఎండిన కాయలను తుంచి పారేయడం సరిపోతుంది. యూరప్‌లో పసుపు పూల ఐరిస్ ఆకులను అంచుల నుంచి కొరికి తినే రంపపు ఈగ పిల్లలు పైకి కనిపిస్తూనే ఉంటాయి, చేతితో ఏరవచ్చు. నత్తలు, పెంకు లేని నత్తలు కీటకాలు కావు. వాటికి వేరే నులిపురుగు జాతిని అమ్ముతారు, ఈ ప్యాకెట్ పొరపాటున కూడా పనికిరాదు. ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి నేలలో నిలిచి కాపాడతాయన్న మాటను అసలు నమ్మవద్దు. తినడానికి పురుగులు దొరికినంత కాలం అవి పెరుగుతాయి, నిజమే. కానీ ఎండ, పొడి నేల, వాటినే తినే మట్టి నల్లులు (మైట్స్), శిలీంధ్రాలు వాటి సంఖ్యను త్వరగా తగ్గించేస్తాయి. ఏటా మళ్లీ వేయవలసిన సరుకుగానే దీన్ని లెక్కలో పెట్టుకోవాలి.

అసలు ఈ ప్యాకెట్ ఎవరికి అవసరం? పది పదిహేను మొక్కలున్నవారికి అక్కర్లేదని నా స్పష్టమైన అభిప్రాయం. గుడ్లు ఎండాకుల మీదే ఉంటాయి కాబట్టి, గట్టి మంచు పడి రెక్కల పురుగులు చచ్చాక గాని, తొలి వసంతంలో కొత్త ఆకు లేవకముందు గాని, పాత ఆకులను, మొదట్లోని చెత్తను పూర్తిగా తీసి తోట దాటించడం పురుగు సంఖ్యను తగ్గించే అతి బలమైన పద్ధతి. దీనికి ఏ ప్యాకెట్టూ సాటిరాదు. వసంతంలో ఆకు మీద చార కనిపించినప్పుడు దాని కింది చివర బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే లోపలి పిల్లపురుగు అక్కడే చస్తుంది. మూడు నాలుగేళ్లకోసారి పూత తర్వాత దుంపలు తవ్వి విడదీసేటప్పుడు పురుగులను, ప్యూపాలను ఏరేయవచ్చు. ఈ మూడు పనులూ చేయగలిగినంత చిన్న మడిలో నులిపురుగుల ఖర్చు అనవసరం. వందల దుంపలున్నవారు, పక్క తోటల నుంచి ప్రతి ఏటా రెక్కల పురుగులు వచ్చి పడే చోట పెంచేవారు, వంగి ఆకు ఆకునూ నొక్కి చూడలేని పెద్దవారు, అరుదైన రకాలను తవ్వి కదిలించడానికి ఇష్టపడనివారు మాత్రం దీన్ని ధైర్యంగా వాడవచ్చు. పాత ఆకుల చెత్త తీయకుండా ప్యాకెట్ మాత్రమే వేసేవారికి ఏటా అదే బెడద తిరిగి వస్తుంది. చెత్త తీసిన మడిలో మిగిలిన కొద్దిపాటి పురుగులను మట్టుబెట్టడానికి మాత్రం ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది.

తయారీదారులు మూడు మార్పులు చేస్తే ఈ సరుకును నేను ఇంకా బలంగా సిఫారసు చేస్తాను: ప్యాకెట్ నింపిన తేదీని గడువు తేదీతో పాటు అచ్చువేయడం, రెండు జాతుల సంఖ్యను విడివిడిగా చెప్పడం, ఐరిస్ వంటి ఆరిన నేల కోరే మొక్కలకు తడి ఎంత ఇవ్వాలో వేరుగా రాయడం. ఇవి లేనంత కాలం కొనేవారే జాగ్రత్త పడాలి. చలికాలంలోనే కొని ఫ్రిజ్‌లో నెలల తరబడి దాచవద్దు. వసంతంలో ఆకు మీద మొదటి చార కనిపించినప్పుడు ఆర్డర్ ఇచ్చి, పూత చివరి రోజుల్లో ప్యాకెట్ చేరేలా చూసుకుని, చేరిన రోజే భూతద్దంతో పరీక్షించి, ఆ వారంలోనే మట్టిలోకి పంపించండి.